మొదటి గాలం ఏ నదిలో వేయాలి: పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

ఆశీస్సులు. సెలవుల్లో హిమాచల్ వెళ్తున్నామని, అక్కడ ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవాలని ఉందని మీలో కొందరు రాశారు. రాడ్ ఎంత పొడవుండాలి, రీలు ఎంతలో వస్తుంది, ఏ ఫ్లైలు కొనాలి అని అడిగారు. ఏ నదికి వెళ్లాలి అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నది మంచిదైతే మామూలు సామానుతోనే పని నడిచిపోతుంది. నది సరిపడనిదైతే ఎంత ఖరీదైన రాడ్ చేతిలో ఉన్నా రోజంతా చిక్కులు విప్పుకోవడంతోనే సరిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం నది గురించే రాస్తున్నాను.

మన చెరువు గట్టు మీద గాలం వేసేటప్పుడు కొక్కేనికి వానపాము, పైన సీసం గుండు, దాని పైన బెండు ఉంటాయి. ఆ బరువే దారాన్ని లాక్కెళ్లి నీళ్లలో పడుతుంది. ఫ్లైకి బరువే ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులాగా కడతారు, అంతే. చేత్తో విసిరితే మన కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని ఇక్కడ బరువంతా లైనుకు ఇస్తారు. లావుపాటి పూత ఉన్న ఆ లైనును రాడ్‌తో వెనక్కి విసిరి, అది గాలిలో బారుగా సాగాక ముందుకు విసురుతారు. ముందు 6 మీటర్ల దూరాన ఫ్లై పడాలంటే వెనక కూడా ఇంచుమించు అంత ఖాళీ కావాలి. కాబట్టి ఏ నది దగ్గరకు వెళ్లినా నీళ్లను చూసేముందు వెనక్కి తిరిగి చూడండి. చెట్ల కొమ్మలు నీళ్ల మీదికి వంగి ఉన్న సన్నని వాగు చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా, మొదటిసారికి పనికిరాదు. ప్రతి మూడో విసురుకూ ఫ్లై కొమ్మకు తగులుకుంటుంది.

ఇక చేప సంగతి. హిమాచల్ కొండ నదుల్లో ఫ్లైతో పట్టేది ట్రౌట్ అనే చేపను. గోదావరిలోనో కృష్ణలోనో ట్రౌట్ పట్టలేమా అని ఒకరు అడిగారు. ట్రౌట్‌కు చల్లని నీళ్లు కావాలి. 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా తింటుంది. 20 దాటితే దానికి ఊపిరి కష్టమవుతుంది, ఎందుకంటే నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఇది మన దేశపు చేప కూడా కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో 1900 ప్రాంతంలో కశ్మీర్‌కు, 1909లో కులు లోయకు తెచ్చి పెంచారు. అప్పటినుంచి ఆ కొండ నదులనే ఇల్లు చేసుకుంది. కావేరిలోనూ రాంగంగలోనూ ఉండే మహశీర్ గురించి కూడా విని ఉంటారు. అది బలమైన చేప, పెద్ద నీళ్ల చేప. దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

ట్రౌట్ ఉన్న ప్రతి నదీ కొత్తవాళ్లకు సరిపోదు. బియాస్ పేరు అందరికీ తెలుసు, మనాలీ బస్సులోంచి గంటల తరబడి కనిపిస్తుంది. కానీ అది పెద్ద నది, మీద డ్యాములున్నాయి. ఈ మాట మీకు రాయడం కష్టంగానే ఉంది, అయినా రాయాలి. 2014 జూన్ 8న మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్‌లో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్లు దిగినప్పుడు నీళ్లు తక్కువగానే ఉన్నాయి. డ్యాము కింద ఉండే మోసం అదే: ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాళ్లు పొడిగా ఉంటాయి, గేటు ఎత్తిన కొద్దిసేపట్లో నది మారిపోతుంది. కాబట్టి మీరు నిలబడబోయే చోటికి ఎగువన నీళ్లు ఆపి వదిలే డ్యాము ఉందా లేదా అన్నది ముందు తెలుసుకోండి. ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆ చోటు వదిలేయండి.

నన్నడిగితే మీ మొదటి నది తీర్థన్. అది హిమాచల్‌లోనే కులు జిల్లాలో ఉంది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచు కొండల్లో పుట్టి, గుషైని, బంజార్ మీదుగా వచ్చి లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. దీని మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు కట్టడానికి ప్రయత్నాలు జరిగితే అక్కడి జనం పోరాడి ఆపుకున్నారు. చండీగఢ్ నుంచి మనాలీ వెళ్లే దారిలో ఔట్ సొరంగానికి ముందే పక్కకు తిరిగితే లార్జీ మీదుగా బంజార్ వస్తుంది. బంజార్ నుంచి గుషైని సుమారు 10 కిలోమీటర్లు, రోడ్డు చాలా దూరం నది వెంబడే పోతుంది. ఇది చిన్న విషయం కాదు. కాలు మడత పడినా, వాన మొదలైనా నాలుగు అడుగుల్లో రోడ్డెక్కగలగాలి. లార్జీ దగ్గరి నీళ్లలో మాత్రం దిగవద్దు, అది డ్యాముకు ఆనుకున్న చోటు. బంజార్ దాటి పైకి వెళ్లాకే గాలం తీయండి. అలాగని నేషనల్ పార్కు గేటు లోపలా వేయవద్దు.

తీర్థన్‌లో నీళ్లు రాళ్ల మధ్య విరిగి పారతాయి. పైకి చూస్తే ఇదేదో కష్టంలా కనిపిస్తుంది. నిజానికి కొత్తవాళ్లకు ఇదే సులువు. అద్దంలా నిలిచిన మడుగులో చేప ఫ్లైని తీరిగ్గా చూస్తుంది, లైను నీడ పడినా పారిపోతుంది. విరిగి పారే నీళ్లలో దానికి మన బొమ్మ సరిగా కనబడదు, ఎదురుగా వచ్చిన పురుగును పట్టాలా వదలాలా అని ఆలోచించే తీరికా ఉండదు. 5, 6 మీటర్ల విసురు చాలు. ఇబ్బందల్లా కాళ్ల కింద: గుండ్రాళ్లు, వాటి మీద నాచు. అందుకే మామూలు స్పోర్ట్స్ షూతో కాకుండా జారని అడుగున్న బూట్లతో, చేతిలో ఛాతీ ఎత్తు కర్రతో దిగాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది నదిని ఎంచుకోవడంలో సగం. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట నిషేధం. చలికాలంలోనే అది గులకల్లో గుంట చేసి గుడ్లు పెడుతుంది. కాబట్టి సంక్రాంతి సెలవులు లెక్కలోకి రావు. మార్చి, ఏప్రిల్ బాగుంటాయి, మీకు పరీక్షలు. వేసవి సెలవులు మొదలైన కొత్తల్లో పర్వాలేదు గాని, మే గడిచే కొద్దీ మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి, సున్నం కలిపినట్టు తెల్లబడతాయి. అప్పుడు కూడా పొద్దున తగ్గి ఉంటాయి, మధ్యాహ్నం ఎండకు కరిగింది సాయంత్రానికి కిందికి చేరి పెరుగుతాయి. పొద్దున దాటిన పాయను సాయంత్రం దాటలేకపోవడం అందుకే. జూలై, ఆగస్టుల్లో అసలు వద్దు. ఆ లోయల్లో పైన ఎక్కడో కుంభవృష్టి కురిస్తే కింద వరద వస్తుంది. మీకు కుదిరేవాటిలో అన్నిటికన్నా మంచివి దసరా సెలవులు. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, నీళ్లు తేరుకుంటాయి. కులు దసరా విజయదశమి నాడు మొదలై వారం రోజులు జరుగుతుంది కాబట్టి బస్సులు, గదులు ముందే చూసుకోమని పెద్దవాళ్లకు చెప్పండి.

నది దగ్గరకు చేరాక మూడు కొలతలు తీసుకోండి. మొదటిది తేట. మోకాలి లోతు నీళ్లలో బూటు లేసులు కనిపించాలి. లేతాకుపచ్చగా ఉన్నా మంచిదే. మట్టిరంగైతే ఆ రోజుకు మానేసి తేరుకునేదాకా ఆగండి. ఫ్లై వాసన చూసి పట్టే ఎర కాదు, కంటికి కనబడితేనే చేప దాన్ని పడుతుంది. రెండోది వేడి. గదికి పెట్టే థర్మామీటరైనా సరే, తాడు కట్టి నీళ్లలో ఒక నిమిషం ఉంచండి. 6 కంటే తక్కువ చూపిస్తే చేప అడుగున మందంగా పడి ఉంటుంది, ఎండ ఎక్కేదాకా ఆగాలి. మూడోది వడి. ఒడ్డున 10 మీటర్లు కొలిచి రెండు చివర్లా రాళ్లు పెట్టండి. ఎగువ రాయి దగ్గర చిన్న పుల్ల వేసి సెకన్లు లెక్కపెట్టండి. 10 సెకన్లలోపే కింది రాయి దాటిపోతే అక్కడ నీళ్లలోకి దిగవద్దు, ఒడ్డు నుంచే వేయండి. 15, 20 సెకన్లు పడితే మోకాలి దాకా దిగవచ్చు. మోకాలు దాటి ఏ నీళ్లలోనూ వద్దు. తొడల దాకా దిగితే పారే నీళ్లకు మన ఒంటి మీద పట్టు దొరికి కాళ్లను లేపేస్తుంది.

ఇప్పుడు ఒక్క రాయి దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఈ ఒక్క రాయి అర్థమైతే తీర్థన్ అర్థమైనట్టే. పడుకున్న గేదె అంత రాయి నది మధ్యలో ఉందనుకోండి. నీళ్లు దాని ముందు కొట్టుకుని రెండు పాయలై పక్కల నుంచి జోరుగా పోతాయి. రాయి వెనక చాపంత మేర నీళ్లు ఆగి, మెల్లగా వెనక్కి తిరుగుతుంటాయి. జోరు పాయకూ ఆ నిలిచిన నీళ్లకూ మధ్య ఒక గీత కనబడుతుంది. బుడగలు, నురుగు ఆ గీత మీదే బారులు తీరి పోతుంటాయి. నురుగు పోయే దారిలోనే పురుగులూ పోతాయి. ట్రౌట్ నిలిచిన నీళ్ల అంచున ఒళ్లు అలవకుండా ఉండి, గీత మీద వచ్చిన పురుగును అందుకుని మళ్లీ చోటికి వస్తుంది. దాని ముఖం ఎప్పుడూ ఎగువకే. మీరు దిగువ నుంచి, దాని తోక వైపు నుంచి, వంగి నడిచి రావాలి.

ఫ్లైని ఆ గీత మీద, రాయికి పక్కగా వేసి, రాడ్ పైకెత్తి పట్టుకోండి. మధ్యలోని జోరు పాయ మీద లైను పడనివ్వకండి. పడిందంటే పాయ లైనును ముందే లాక్కుపోతుంది, దాని వెనక ఫ్లై నీళ్లను చీల్చుకుంటూ పరిగెడుతుంది. నిజం పురుగు అలా పోదు కాబట్టి చేప కదలదు. నేర్చుకునేవాళ్లకు చేపలు పడకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం, ఫ్లై రంగు కాదు. ఫ్లై పక్కన ఒక బుడగను గుర్తు పెట్టుకోండి. రెండూ ఒకే వేగంతో పోతే సరిగా వేసినట్టు. పది సార్లు వేసినా ఏమీ కాకపోతే పై రాయికి కదలండి. ఇలాంటి రాళ్లు పదిహేను ఇరవై వరసగా, ఒడ్డుకు దగ్గరగా, వెనక ఖాళీతో ఉన్న చోటే మీకు కావలసింది. దానికోసం గాలం వేయకుండా అరగంట నడిచినా నష్టం లేదు.

సామాను క్లుప్తంగా చెప్తాను. 9 అడుగుల రాడ్, 5 నంబరు (ఎంత బరువు లైనుకు సరిపోతుందో చెప్పే నంబరు), దానికి తేలే లైను 5 నంబరుదే. చివర 7 అడుగులన్నర లీడర్, అంటే లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం, 4ఎక్స్ మందంది. ఫ్లైలు 12 నుంచి 16 సైజు లోపల: తేలేవాటిలో ఎల్క్ హెయిర్ క్యాడిస్, ఆడమ్స్, మునిగేవాటిలో ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్. ఒక్కోటి నాలుగు చొప్పున ఉంటే రెండు రోజులు వస్తాయి. కొక్కేనికి లోపలివైపు ఉండే చిన్న ముల్లును పట్టకారుతో అదిమేయండి. చేప నోటి నుంచి, మీ చెవి నుంచి కూడా తేలిగ్గా వస్తుంది. కళ్లద్దాలు, టోపీ లేకుండా ఎవరూ రాడ్ ఊపకూడదు. వెళ్లే ముందు ఇంటి దగ్గర మైదానంలో ఫ్లై బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి రోజుకు ఇరవై నిమిషాలు వారం రోజులు వేయండి. రాడ్‌ను మరీ వెనక్కి వాలిస్తే లైను గడ్డికి తగులుతుంది. చెవి దాటగానే ఆపి, లైను వెనక సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు. ఆ ఆగడమే చాలామందికి రాదు.

నీళ్లలో ఉన్నప్పుడు ఆకులు, పుల్లలు ఒక్కసారిగా ఎక్కువగా కొట్టుకొస్తున్నా, తేటనీళ్లు మట్టిరంగుకు తిరిగినా, ఇందాక పైకి కనిపించిన రాయి మునిగినా, హోరు మారినా లైను చుట్టుకుంటూ నిలబడకండి. రాడ్ పోతే పోనివ్వండి, ఒడ్డెక్కి ఇంకా పైకి నడవండి. ఒంటరిగా ఎవరూ దిగవద్దు. ఒక పెద్దమనిషి ఒడ్డున ఉండి, ఫోను కాదు, నీళ్లను చూస్తూ ఉండాలి.

లైసెన్సు మత్స్యశాఖ ఇస్తుంది. రోజుకింతని రుసుము ఉంటుంది. ఎన్ని చేపలు, ఎంత పొడవున్నవి ఉంచుకోవచ్చో అప్పుడే అడిగి రాసుకోండి. బంజార్ దగ్గర హామ్నిలో ప్రభుత్వ ట్రౌట్ కేంద్రం ఉంది, వీలైతే ముందు అక్కడికి వెళ్లి చేపను దగ్గరగా చూడండి. నీళ్లలో దాని నీడను గుర్తుపట్టడం తేలికవుతుంది. పట్టిన చేపను వదిలేసేటట్టయితే చేతులు తడుపుకునే ముట్టుకోండి. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి రోగం పడుతుంది.

ఇంకొకటి మరిచిపోయాను. నిక్కర్లతో వెళ్లకండి. అక్కడి ఒడ్ల మీద బిచ్ఛూ బూటీ అనే మొక్క మోకాలెత్తున పెరుగుతుంది, మన దురదగొండికి అన్న లాంటిది. తగిలితే తేలు కుట్టినట్టు మండుతుంది.

మీ తాతయ్య