ముక్కు కారుతుంటే బడికి పంపొచ్చా?

ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిందంటే తిరుపతిలో పొద్దున ఏడున్నరకు ఇంటింటా ఇదే పంచాయితీ. బిడ్డ ముక్కు చీదుతుంటాడు, వాకిట్లో స్కూలు ఆటో హారన్ కొడుతుంటుంది. పంపాలా, ఆపాలా?

ఉట్టి జలుబే అయితే, బిడ్డ ఇడ్లీ తిని మామూలుగా ఆడుకుంటుంటే, పంపొచ్చు. జలుబు తెచ్చే వైరస్‌లు 200 రకాలకు పైనే. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరేడుసార్లు రావడం మామూలే. ఒక్కోసారి వారం, పది రోజులుంటుంది, దగ్గు మూడు వారాల దాకా సాగొచ్చు. ముక్కు పూర్తిగా ఆరేదాకా ఆపితే ఏడాదిలో రెండు నెలల చదువు పోతుంది. చీమిడి పచ్చబడిందని యాంటీబయాటిక్ కొనకండి, ఆ రంగు తెల్లరక్తకణాల్లోని ఎంజైమ్‌ది.

ఆపాల్సింది జ్వరముంటే. అంటే 100.4 డిగ్రీలు, ఆపైన. చంకలో పెట్టి చూస్తే అర నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే. ఏడింటికి 101 ఉంటుంది, పారాసిటమాల్ పోస్తారు, ఎనిమిదికల్లా ఒళ్లు చల్లబడుతుంది, ఆటో ఎక్కిస్తారు. మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. మధ్యాహ్నం అన్నం బెల్లు వేళకు బిడ్డ బల్లమీద తలవాల్చి ఉంటాడు, స్కూలు నుంచి ఫోనొస్తుంది. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపాలి.

పారాసిటమాల్ మోతాదు వయసుతో కాదు, బరువుతో లెక్క. కిలోకు 15 మిల్లీగ్రాములు. 16 కిలోల బిడ్డకు 240. సీసామీద 5 మి.లీ.కు 120 అనుంటే 10 మి.లీ. పోయాలి. అదే 10 మి.లీ. 250 అని ఉన్న సీసాలోంచి పోస్తే రెట్టింపు మోతాదు పడుతుంది. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవండి. నాలుగేళ్లలోపు వాళ్లకు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్ వద్దు.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు 40 గాని, ఆపైన గాని ఉన్నా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, రుయా ప్రభుత్వాసుపత్రికో దగ్గర్లోని పిల్లల డాక్టరుకో వెంటనే చూపించాలి.

ఇంకొకటి. ముక్కు కారదు, దగ్గుండదు, ఒక్కసారిగా గట్టి జ్వరం, కళ్ల వెనక నొప్పి. ఈ వానల్లో అది జలుబనుకోకుండా డెంగీ పరీక్ష చేయించాలి. అది తేలేదాకా ఇబుప్రోఫెన్ అనే జ్వరం మందు ఇవ్వకూడదు, రక్తస్రావం ముప్పుంది.