పరిశోధన విధానం: నెల్లూరు, ఒంగోలు సభల్లో వినబడే అపోహలు - వాస్తవాలు

పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించడం నా వృత్తి. మన రెండు జిల్లాల్లో ఏ సభకు వెళ్ళినా ఎదురయ్యే మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: పరిశోధన సంపన్న దేశాల పని, మనం ఫలితాన్ని కొనుక్కుంటే చాలు.

వాస్తవం: కొన్నదాన్ని నిలబెట్టుకోవడానికైనా సొంత పరిశోధన ఉండాలి. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసిన సంగతి మన తీరం మరచిపోలేదు. అందుకే 2009లో వనామీ అనే విదేశీ రొయ్య జాతికి అనుమతినిచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాకే హేచరీలకు (రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాలకు) చేరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. తెగులును గుర్తించగల ప్రయోగశాలలూ శాస్త్రవేత్తలూ లేకపోతే ఆ నిబంధన కాగితానికే పరిమితమయ్యేది. చెరువులో సీడు (రొయ్య పిల్లలు) దింపే ముందు, తెగులు క్రిమి ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష రిపోర్టు అడిగే రైతు ఆ పరిశోధన ఫలితాన్నే వాడుకుంటున్నాడు.

అపోహ: మేలైన వనరు మన దగ్గరుంటే ఆవిష్కరణ దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఒంగోలు జాతి పశువుల కథ దీనికి విరుద్ధంగా ఉంది. 19వ శతాబ్దం నుంచి 1960ల తొలినాళ్ళ దాకా ఇక్కడి నుంచి ఓడలెక్కిన పశువుల సంతతే నేడు బ్రెజిల్ మాంసపు మందల్లో అధిక భాగం. బ్రెజిల్ కూడా మనలాంటి దేశమే. అయితే అక్కడి పెంపకందారుల సంఘం వంశావళులను నమోదు చేసింది, 1973లో ఎంబ్రాపా అనే జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ వచ్చింది, సావో పాలో రాష్ట్రమైతే పన్నుల రాబడిలో 1 శాతం తన పరిశోధన నిధికి చెందాలని 1989 నాటి రాజ్యాంగంలోనే రాసుకుంది. మనకు బండలాగుడు పందేల్లో గెలిచిన ఎడ్లు నోటికి వస్తాయి గానీ, వాటిని కన్న ఆంబోతు ఏదో రాసిన పుస్తకం చూపమంటే చూపేవారు అరుదు.

అపోహ: పేటెంట్ల సంఖ్యే ఆవిష్కరణకు కొలమానం.

వాస్తవం: మొక్కల రకాలకు మన పేటెంటు చట్టం పేటెంటే ఇవ్వదు. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం రూపొందించిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే వరి రకం ఏ పేటెంటూ లేకుండానే పొలాలకెక్కింది.

అపోహ: సర్కారు నిధులు పెంచితే సరిపోతుంది.

వాస్తవం: 2020-21లో పరిశోధనపై దేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతమే. అది చాలదన్నది నిజమే అయినా, ఆ కొద్దిపాటిలోనూ ప్రైవేటు పరిశ్రమ వాటా సుమారు 36 శాతం మాత్రమే కావడం అసలు లోపం. 2023లో చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ అయిదేళ్ళలో ఆశిస్తున్న 50,000 కోట్లలో 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలి. రాయితీలు ప్రకటించినంత మాత్రాన ఆ నిధులు వస్తాయని నేను అనుకోను. పంట పోతే నష్టం ఎవరు భరించాలో ఒప్పందంలో రాయనిదే, ఒక కంపెనీ తన కొత్త రొయ్యల మేతను పరీక్షించడానికి ఏ రైతూ తన చెరువు ఇవ్వడు.