ఉండ్రాళ్ల గిన్నె, పౌలు లేఖ

వినాయక చవితి నాడు గోదావరి డెల్టాలో చాలా ఊళ్లలో ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది. పక్కింటావిడ ఉండ్రాళ్ల గిన్నెతో వస్తుంది. ఇటువైపు క్రైస్తవ కుటుంబం. తీసుకోవాలా, వద్దా? డిసెంబరులో కేకు గోడ దాటి వెళ్లడానికి ఈ చిక్కు లేదు.

దీని మూలం బైబిల్లో, కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి లేఖలో ఉంది. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి ఎనిమిదో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా చర్చ సాగుతుంది. అందులో ‘వద్దు’ అన్న సగమే ఎక్కువగా వినిపిస్తారు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, పెట్టినదాన్ని ఆరా తీయకుండా తినమన్నదీ పౌలే. ‘ఇది బలి అర్పించినది’ అని ఎవరైనా చెబితేనే మానుకోమన్నాడు. అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం.

1836లో ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు వచ్చాక నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ వేళ్లూనింది. తర్వాత రాజమండ్రిలో లూథరన్లు, 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టులు. విగ్రహాలకు దూరం కావడమే మారుమనస్సుకు గుర్తని అందరూ బోధించారు.

ఆ బోధను అందుకున్నవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. గుడి గడప తొక్కనివ్వని రోజులవి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశాన్ని అందరి హక్కుగా చేసిన చట్టం 1947లో గాని రాలేదు. దూరంగా నిలబెట్టిన వారి మనవలు ‘మాకు వద్దండీ’ అన్నప్పుడు అందులో విశ్వాసంతో పాటు ఆత్మగౌరవం కూడా ఉంటుంది. దాన్ని ఉత్త మొండితనమనేవారు ఆ గడప సంగతి మరిచిపోయారనుకోవాలి.

ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ ఆగలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తును తెలుగు కీర్తనల్లో పాడాడు. మందిరాల్లో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు నేటికీ రాగం, తాళం రాసి ఉంటాయి. ఇక ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. గోదావరి స్నానాల వేళ పురోహితులు చదివే ఒక శ్లోకం ఆయన్ని భగీరథుడంటుంది. తన పేరు అలా మంత్రాల మధ్య చేరిందని తెలిస్తే ఆయన ఏ మొహం పెట్టేవాడో!

ఉండ్రాళ్ల చిక్కును కొన్ని ఇళ్లలో ఆడవాళ్లే తేల్చేశారు. నైవేద్యానికి ముందు ఎవరికైనా పెట్టడం పూజ చేసే ఇల్లాలికి అంత తేలిక కాదు. అయినా వండగానే వేరే గిన్నెలోకి కొన్ని తీసి పక్కన పెడుతుంది. గోడ మీదుగా అందిస్తూ, ‘ఇవి దేవుడి దగ్గర పెట్టలేదు వదినగారూ, పిల్లలకు ఇవ్వండి’ అంటుంది.