పండుగ కానుకల ప్యాకింగ్: అపోహలు - వాస్తవాలు

పండుగలు దగ్గర పడగానే నేను పనిచేసే ప్యాకింగ్ బల్ల దగ్గర దాదాపు ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే: "పర్యావరణానికి హాని చేయని ర్యాపర్ ఏది? అది ఎంతవుతుంది?" అడిగేవారి ఉద్దేశం మంచిదే గానీ, అలాంటిది ఏదో ఒకటి కొని తీరాలన్న అపోహ ఆ ప్రశ్నలోనే ఉంది. ప్రకటనలు కొంతా, పండుగ ముందు ఒక ఫోను నుంచి మరో ఫోనుకు పాకే అరకొర సలహాలు కొంతా కలిసి ఈ అపోహను ఏటా పెంచి పోషిస్తున్నాయి. కానుకలను చుట్టడం, చుట్టడం నేర్పడం నా వృత్తి కాబట్టి, జనం ఎక్కడ అనవసరంగా డబ్బు వదిలించుకుంటున్నారో నాకు బాగా కనబడుతుంది.

అపోహ: పర్యావరణహిత ప్యాకింగ్ అంటే విడిగా కొనుక్కోవలసిన సరుకు

అందరి చేతా ఎక్కువ ఖర్చు పెట్టించేది ఈ నమ్మకమే కనుక దీని గురించే ఎక్కువ చెబుతాను. కానుకకు చుట్టిన కాగితం ఆయుష్షు కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. కలపను గుజ్జు చేయడానికీ, నీటికీ, విద్యుత్తుకూ, రంగులకూ, రవాణాకూ కావలసిన వనరులన్నీ ఆ కాగితం మన చేతికి రాకముందే ఖర్చైపోయి ఉంటాయి. దాని మీద ఎంత పచ్చని ఆకు బొమ్మ అచ్చువేసినా ఆ ఖర్చు వెనక్కి రాదు. అదే ఇంట్లో ఇప్పటికే ఉన్న కాగితాన్ని రెండోసారి వాడితే, కొత్తగా ఒక కాగితం తయారుచేయవలసిన అవసరమే ఉండదు. లెక్క ఇంత తేలిక కాబట్టే దాన్ని ఎవరూ ప్రకటనగా వేయరు.

గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం సంగతే చూడండి. రంగు మట్టిలా ఉంది గనుక అది పాత కాగితాల నుంచి పుట్టిందని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ రంగు గుజ్జును తెల్లబరచకపోవడం వల్ల వచ్చింది. క్రాఫ్ట్ పద్ధతిలో కలప నుంచి తీసిన పొడవైన పీచు వల్లనే దానికి అంత బలం. పాత కాగితంతో చేసిన గోధుమరంగు రోళ్లు కూడా ఉంటాయి, అయితే ఆ సంగతి చీటీ మీద స్పష్టంగా రాసి ఉండాలి తప్ప రంగును చూసి తేల్చలేము. క్రాఫ్ట్ కాగితం చెడ్డదని నేను అనడం లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్రతి పార్సిలులోనూ వస్తువు కదలకుండా కుక్కిన అదే కాగితాన్ని చెత్తబుట్టలో వేసి, ఆ సాయంత్రమే కొత్త రోల్ కొనడం నాకు మింగుడుపడదు.

గుడ్డతో చుట్టడం ఇప్పుడు కొత్త మోజు. జపాన్‌వారి ఫురోషికి నిజంగా చక్కని పద్ధతి. 2006లో అప్పటి జపాన్ పర్యావరణ మంత్రి యురికో కోయికే, దుకాణాల్లో ప్లాస్టిక్ సంచుల వాడకం తగ్గించే ప్రయత్నంలో భాగంగా దానికి మళ్లీ ప్రచారం కల్పించారు. అయితే ఆ పద్ధతిలో గుడ్డ మళ్లీ మళ్లీ చేతులు మారాలి. ప్రతి కానుకకూ కొత్త నూలు గుడ్డ కొని, అది తీసుకున్నవారి అల్మారాలో మూలన పడి ఉంటే లాభం లేదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి మాత్రమే వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కంటే నూలు సంచి వాతావరణానికి మేలు చేయాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. అది సంచుల లెక్కే అయినా, కొత్త నూలు గుడ్డను ఒక్క పండుగకు కొనేవారు ఒకసారి తలచుకోవలసిన అంకె. పాత దుప్పటి, చిరిగిన చొక్కా వీపు భాగం, వాడని స్కార్ఫు ఉంటే నిక్షేపంగా వాడండి. గుడ్డ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే పొడవు కానుక పొడవుకు సుమారు 3 రెట్లు ఉంటే ముడి బాగా కుదురుతుంది.

కిందటి పండుగకు ఒక అమ్మాయి సంచీ నిండా సరంజామాతో వచ్చింది: క్రాఫ్ట్ రోల్, జనపనార పురి, చెక్క బిళ్లలు, ఎండబెట్టిన పూలు, అన్నీ పర్యావరణం పేరుతో అమ్మినవే. లోపల ఉన్న కానుక అరచేతిలో పట్టే చిన్న డబ్బా. దానికంటే అలంకరణకే ఎక్కువైందని ఆమే దిగులుగా చెప్పింది. ఆ డబ్బా వచ్చిన పార్సిలు పెట్టె ఆమె చేతిలోనే ఉంది, అందులో నలిగిన కాగితమూ ఉంది. దాన్ని సాపు చేసి, సన్నని మడతలు పెట్టి చుడుతుంటే "ఇంత మాత్రానికి బాగుంటుందా అక్కా?" అని రెండుసార్లు అడిగింది. కట్టడం అయ్యాక కొన్న సరుకులో వీలైనంత వెనక్కి ఇచ్చేయమన్నాను; ఒక్క పురి మాత్రం ఉంచుకుంది, అది ఎటూ పదిసార్లు పనికొస్తుంది. ఆమెను తప్పుపట్టను. ఏది మంచిదో తెలియక భయపడే మనిషికి ఏదో ఒకటి అంటగట్టడం అమ్మేవారికి సులువు.

కాబట్టి ముందు ఇల్లు వెతకండి. నెల అయిపోయిన కాలెండరు పుటలు, పాత మ్యాపులు, ఒకవైపే అచ్చు పడిన కాగితాలు, పిల్లలు గీసిన బొమ్మలు, కాగితపు సంచులను విప్పితే వచ్చే లోపలి వైపు, ఇవన్నీ చక్కటి ర్యాపర్లే. ముడతలు పడిన సాదా కాగితాన్ని తక్కువ వేడి మీద, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయవచ్చు. మెరుపు ఉన్నవాటికీ ప్లాస్టిక్ పూత ఉన్నవాటికీ ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి. అట్టపెట్టె మూతనూ అడుగునూ వేర్వేరుగా చుట్టి ఉంచితే, కాగితం చింపకుండానే తెరవవచ్చు, అదే పెట్టె ఏళ్ల తరబడి ఇంట్లో వాళ్ల మధ్య తిరుగుతూ ఉంటుంది.

అపోహ: మెరిసినా కాగితం కాగితమే, పాత కాగితాల్లో వేస్తే రీసైకిల్ అవుతుంది

అద్దంలా మెరిసే ర్యాపర్లలో చాలా భాగం అసలు కాగితమే కాదు. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ పొర మీద అల్యూమినియాన్ని ఆవిరి రూపంలో అతి పలుచగా పట్టించి వాటిని తయారుచేస్తారు. కాగితం మిల్లులో పాత కాగితాన్ని నీటిలో నానబెట్టి గుజ్జు చేస్తారు. ఈ పొర గుజ్జు కాదు, దాన్ని జల్లెడ పట్టి తీసి పారేయవలసిందే. గుర్తుపట్టడానికి పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి: ముద్దగా ఉండిపోతే కాగితం అయ్యే అవకాశం ఎక్కువ, తిరిగి విచ్చుకుంటే ప్లాస్టిక్. అనుమానం తీరకపోతే కొసను చింపి చూడండి; కాగితమైతే చినుగు దగ్గర పీచు కనబడుతుంది, పూత ఉంటే సాగుతుంది.

గ్లిట్టర్ అద్దిన కాగితం ఈ నలుపుడు పరీక్షలో నెగ్గినా రీసైక్లింగుకు పనికిరాదు. ఆ మెరుపు పొడి సాధారణంగా లోహపు పూత ఉన్న ప్లాస్టిక్ పొరను తునకలు చేసినదే. అది కాగితం నుంచీ విడిపోదు, నీటిలోంచీ విడిపోదు. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరులో అమల్లోకి తెచ్చిన సూక్ష్మప్లాస్టిక్ నిబంధనలు విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌కూ వర్తిస్తాయి. ఇది చదివి ఇంట్లో ఉన్న మెరుపు ర్యాపర్లను ఈరోజే బయట పారేయకండి, దానివల్ల ఎవరికీ మేలు జరగదు. ప్లాస్టిక్ పొర సులువుగా చినగదు కాబట్టి జాగ్రత్తగా విప్పి, మడిచి, ఏళ్ల తరబడి వాడుకోండి. కొత్తవి మాత్రం కొనకండి.

అపోహ: పాత కాగితంలో ఇస్తే పిసినారి అనుకుంటారు

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. కానుక ఇచ్చే మనిషి తన ప్రేమను ఎదుటివారు తక్కువగా అంచనా వేస్తారేమోనని కంగారుపడడం సహజం. అయితే రంగుల ర్యాపర్లలోనే కానుక ఇవ్వాలన్నది అంత పాత ఆచారమేమీ కాదు. 1917లో అమెరికాలోని కాన్సస్ సిటీలో హాల్ సోదరుల దుకాణంలో పలుచని టిష్యూ కాగితం అయిపోవడంతో కవర్ల లోపలి అస్తరు కోసం తెచ్చిన రంగుల కాగితాన్ని అమ్మారు, ఆ వాడుక అక్కడి నుంచి బాగా ఊపందుకుంది. నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన జెస్సికా రిక్సమ్, ఆమె సహచరులు 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే తరహా కప్పులను కొందరికి నీటుగానూ, కొందరికి అడ్డదిడ్డంగానూ చుట్టి ఇచ్చారు. అడ్డదిడ్డంగా చుట్టినవి అందుకున్నవారికే లోపలి కప్పు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే మరీ అందంగా చుట్టిన పెట్టె ఆశలను పెంచేస్తుంది. అంతగా పరిచయం లేనివారు ఇచ్చినప్పుడు మాత్రం ఫలితం తారుమారైంది. అక్కడ నీటుదనాన్ని గౌరవంగా భావిస్తారు. అందుకే దగ్గరివారి విషయంలో నిశ్చింతగా ఉండండి, పై అధికారికో కొత్త పరిచయస్థులకో ఇచ్చేటప్పుడు మడతలు పదునుగా పెట్టండి. మడత పదునుకు ఖర్చు లేదు: ఒక్కో మడత మీదా గోటితో గట్టిగా గీయడమే.

అపోహ: మూలవాటుగా చుడితే కాగితం బోలెడు ఆదా

ఇది ఏటా తిరిగే చిట్కా, సగం నిజం. అడుగు చతురస్రంగా ఉన్న పెట్టెను కాగితం మీద వాలుగా పెట్టి నాలుగు మూలలూ పైన కలిసేలా చుట్టాలంటే, పెట్టె అడుగున ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న పొడవుకు ఎత్తును ఒకటిన్నర రెట్లు చేసి కలిపితే వచ్చేదే కాగితం భుజం. ఉదాహరణకు 20 సెంటీమీటర్ల భుజం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టెకు 36 సెంటీమీటర్ల చదరపు కాగితం చాలు. అయితే మామూలు పద్ధతిలో కచ్చితంగా కొలిచి కత్తిరిస్తే పట్టే వైశాల్యమూ దాదాపు అంతే. వాలు పద్ధతిలో నిజంగా ఆదా అయ్యేది టేపు: మూలలన్నీ ఒకేచోట కలుస్తాయి కాబట్టి ఒక్క ముక్క సరిపోతుంది, లేదా పురితో కట్టేస్తే అదీ అక్కరలేదు.

కాగితం వృథా అయ్యేది అసలు కొలవకపోవడం వల్ల. దారంతో పెట్టె చుట్టుకొలత తీసి దానికి 2 సెంటీమీటర్లు కలపండి, అదే వెడల్పు. పెట్టె పొడవుకు రెండు పక్కలా ఎత్తులో ముప్పాతిక చొప్పున కలపండి, అదే పొడవు. చివర్లలో దొంతర్లుగా ఉబ్బిపోయే మడతలన్నీ అంతకు మించి కత్తిరించినవే.

మిగిలినవి క్లుప్తంగా

సెల్లో టేపు అంటిన కాగితాన్ని మిల్లులు తీసుకోవనేది పూర్తిగా నిజం కాదు; కాస్త ఉంటే జల్లెడలో పోతుంది, ఒళ్లంతా అంటించి ఉంటే జిగురు గుజ్జులో చేరి ఇబ్బంది పెడుతుంది. సులువుగా ఊడేంత మేర తీసేయండి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ గాలి కాసేపు తగిలితే జిగురు మెత్తబడి కాగితం చినగకుండా ఊడుతుంది. పారదర్శకమైన టేపు బజారులోకి వచ్చిందే 1930లో, అంతకు ముందు ఎక్కువగా దారంతోనే పని జరిగేది.

సెల్లోఫేన్ అంతా ప్లాస్టిక్ అన్నదీ, అంతా మట్టిలో కలుస్తుందన్నదీ రెండూ తప్పే: అసలు సెల్లోఫేన్ మొక్కల సెల్యులోజుతో చేసినది, ఆ పేరుతో ఇప్పుడు అమ్మేదాంట్లో చాలా భాగం పాలీప్రొపిలీన్. కంపోస్టు అవుతుందని రాసిన పీఎల్ఏ (మొక్కజొన్న వంటి పంటల నుంచి చేసే ఒక ప్లాస్టిక్) పొరలకు 60 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వేడి ఉండే పారిశ్రామిక కంపోస్టు కేంద్రం కావాలి. పెరటి గుంటలో అవి చాలాకాలం అలాగే ఉండిపోతాయి.

వార్తాపత్రికతో చుట్టవచ్చా అంటే, నిరభ్యంతరంగా. దాని సిరా పూర్తిగా ఎండదు, కాగితంలో ఇంకి ఉంటుంది, అందుకే రుద్దితే చేతికి అంటుతుంది. లేతరంగు బట్టలకు లోపల ఒక తెల్లకాగితం పెట్టండి; తినే వస్తువులకు మాత్రం నేరుగా తగలనివ్వకండి. చుట్టలు చుట్టుకునే మెరుపు రిబ్బను ప్లాస్టిక్, అది పాత కాగితాల్లో కలిస్తే వేరుచేసే యంత్రాల ఇరుసులకు చుట్టుకుంటుంది. కానుకలు విప్పేటప్పుడే పక్కన ఒక సంచి పెట్టుకుని రిబ్బన్లూ, పురులూ, మెరుపు పొరలూ అందులో వేసి దాచుకోండి, చినిగిన సాదా కాగితాన్ని మాత్రమే పాత కాగితాల్లోకి పంపండి.