సుబేదారి నుంచి మడికొండ దాకా: ఇల్లు కూలాక వచ్చే ప్రశ్న

హనుమకొండలో పాత ఇల్లు కూలగొడుతున్నారంటే అందరికంటే ముందు వచ్చేది పాత కర్ర కొనేవాడు. దర్వాజను గోటితో గీకి, టేకేనని తేల్చుకున్నాకే రేటు మాట్లాడతాడు. దూలాలు, వాసాలు ట్రాలీ ఆటో ఎక్కుతాయి. డంగుసున్నం గోడల పని సాయంత్రానికల్లా జేసీబీ చూసుకుంటుంది. ‘ఇంతకీ ఈ ఇంట్లో ఎవరుండేవాళ్లు?’ అని ఎవరో ఒకరు అడిగేది ఆ తర్వాతే.

ఈ పేటలు పెరిగిన తీరు చూస్తే ఆ ప్రశ్న ఇంత ఆలస్యంగా ఎందుకొస్తుందో తెలుస్తుంది. నిజాం రాజ్యంలోని నాలుగు సుబాల్లో, అంటే పెద్ద పాలనా విభాగాల్లో, వరంగల్ ఒకటి. సుబాను పాలించే సుబేదారు కొలువున్న చోటు సుబేదారి అయింది. అక్కడి పెద్ద బంగ్లాకు 1886లో పునాదిరాయి వేశారు. సికింద్రాబాద్ నుంచి రైలు వరంగల్ చేరిందీ ఆ ఏడాదే. తర్వాతి కాలంలో బంగ్లా కలెక్టర్ నివాసమైంది. పై అంతస్తులో దెయ్యం ఉందని కొన్నేళ్ల కిందట ఓ కలెక్టర్ అన్న మాట తెగ వైరల్ అయింది. 1886 సంగతి మాత్రం చాలామందికి అప్పటిదాకా తెలియదు!

కాజీపేటది ఇంకో కథ. వరంగల్ కాజీగా, అంటే ముస్లిం న్యాయాధికారిగా, ఉన్న సూఫీ గురువు సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గా ఇక్కడే ఉంది. ఊరి పేరూ ఆ కాజీ పదవి నుంచి వచ్చిందే. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక ఊరు పెద్ద జంక్షన్ అయింది, రైల్వే క్వార్టర్లు పెరిగాయి. క్వార్టర్‌లో ఎవరూ స్థిరంగా ఉండరు. బదిలీ అయితే సామాను సర్దుకుని పోవడమే, జ్ఞాపకం కూడా వాళ్లతోపాటే పోతుంది.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ప్రజాకవి కాళోజీ. 1914లో కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టి, మడికొండలో పెరిగి, హనుమకొండ నక్కలగుట్టలో స్థిరపడ్డారు. 2002లో కన్నుమూశాక ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. అంటే సమాధి లేదు. ఆయన గుర్తు వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఉన్నది ఆయన తిరిగిన వీధులు, బతికిన ఇల్లే. బాలసముద్రంలో ఆయన పేరిట కళాక్షేత్రం 2024లో మొదలైంది. మంచిదే, కానీ అందులో ఆయన ఒక్కరోజూ ఉండలేదు కదా. మాజీ ప్రధాని పీవీ విషయంలో అలా కాదు. పుట్టింది లక్నేపల్లిలోనే అయినా దత్తత వెళ్లి పెరిగింది వంగరలో, అందుకే ఆయన్ని తలుచుకునేవాళ్లు వంగర ఇంటికే దారి అడుగుతారు.

ఉమ్మడి రాష్ట్రంలో ఇళ్లను వారసత్వ జాబితాలో చేర్చే నిబంధనలు ప్రధానంగా హైదరాబాద్ కోసమే పెట్టారు. తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చింది. రక్షణ దక్కాలంటే మాత్రం కట్టడం ముందు జాబితాకెక్కాలి. కోటకు, గుడికి ఆ గుర్తింపు సులువు. గూన పెంకుల ఇంటికి అంత సులువు కాదు. పైగా అది ఒకరి ఆస్తి, అన్నదమ్ముల వాటాలుంటాయి, గజం ధర ఉంటుంది. బిల్డర్ వచ్చి రెండు ఫ్లాట్లు ఇస్తానంటే, తాత ఫలానావాడని ఎన్నాళ్లు ఆపుతారు?