రాత్రి కాపలాకు 1.6 మంది: జపాన్ వృద్ధ సంరక్షణ గృహాల సెన్సర్ వివాదం వెనుక కథ

జపాన్‌లో వృద్ధ సంరక్షణ గృహాలకు డబ్బు చెల్లించే దీర్ఘకాలిక సంరక్షణ బీమా నిబంధనలను మూడేళ్లకోసారి సవరిస్తారు. గృహాల్లో ఎంతమంది సిబ్బంది ఉండాలన్న నిబంధనలూ ఆ సవరణల్లోనే మారుతుంటాయి. తదుపరి సవరణ 2027లో జరగాల్సి ఉండటంతో, సెన్సర్లు అమర్చిన వృద్ధ సంరక్షణ గృహాల్లో సిబ్బందిని ఎంతవరకు తగ్గించవచ్చన్న పాత పేచీ మళ్లీ రాజుకుంది. సీలు పిల్ల రూపంలోని పారో అనే రోబో గురించీ, ఎలుగుబంటి ముఖంతో మనుషులను చేతులపైకి ఎత్తుకునే రోబేర్ అనే రోబో గురించీ చాలామంది చదివే ఉంటారు కనుక ఆ కథలోకి మళ్లీ వెళ్లడం లేదు. 2015లో రికెన్ పరిశోధన సంస్థ ప్రదర్శించిన, 140 కిలోల బరువున్న రోబేర్ ప్రయోగదశ దాటి వృద్ధుల గదుల్లోకి అడుగుపెట్టలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అడుగుపెట్టింది పరుపు కింద అమర్చే పలుచని సెన్సర్. ఎత్తే యంత్రం కోసం ఎదురుచూస్తుండగా చూసే యంత్రం వచ్చిందన్నమాట.

ఈ సెన్సర్ వృద్ధుల ఒంటికి తగలదు. పరుపు గుండా వచ్చే సన్నని కదలికలను బట్టి శ్వాసను, గుండె వేగాన్ని అంచనా వేసి, మనిషి నిద్రలో ఉన్నారా, మేలుకున్నారా, లేచి కూర్చున్నారా, మంచం దిగారా అన్నది సిబ్బంది చేతిలోని తెరపై చూపుతుంది. గంట గంటకూ టార్చి పట్టుకుని గది గదికీ తిరిగే పని దీనివల్ల తగ్గిందనీ, ఆ వెలుగుకు ఉలిక్కిపడి లేచే వృద్ధులు నిద్రపోగలుగుతున్నారనీ సంరక్షకులే అంటారు. పరికరాన్ని వద్దన్నవారు తక్కువే.

పేచీ మొదలైంది ఆ పరికరం సిబ్బంది లెక్కలోకి ఎక్కినప్పుడు. 2021 ఏప్రిల్ సవరణను మలుపుగా చెప్పుకోవలసింది అందుకే. 26 నుంచి 60 మంది వరకు వృద్ధులుండే సంప్రదాయ తరహా ప్రత్యేక సంరక్షణ గృహంలో రాత్రి కనీసం ఇద్దరు ఉండాలన్న నిబంధనను, అందరి మంచాలకూ సెన్సర్లు అమర్చిన చోట 1.6కు సడలించారు. ఇది గంటల మీద తీసే సగటు. ఏ క్షణంలోనైనా తప్పనిసరిగా ఉండాల్సింది ఒక్కరే కనుక, 60 మంది ఉన్న గృహాన్ని కొన్ని గంటలపాటు ఒకే మనిషికి అప్పగించినా నిబంధన ఉల్లంఘన కాదు. దీనికి పునాది 2018లోనే పడింది. రాత్రి కాపలాకు బీమా ఇచ్చే అదనపు చెల్లింపును గృహం పొందాలంటే కనీస సంఖ్యకు మించి ఇంకొకరు ఉండాలన్న చోట, సెన్సర్లుంటే 0.9 చాలునని అప్పుడు అన్నారు. దశాంశం చిన్నది కావడంతో నాడు పెద్ద చర్చ జరగలేదు.

ఆరోగ్య, కార్మిక, సంక్షేమ శాఖ వాదన మనుషులు దొరకడం లేదన్నదే. 2022లో సుమారు 21.5 లక్షలుగా ఉన్న సంరక్షకులు 2040 నాటికి 27.2 లక్షల మంది కావాలని ఆ శాఖ అంచనా. సడలింపుకు ముందు కనీసం మూడు నెలలు ప్రయోగాత్మకంగా నడిపి చూడాలని, రాత్రి సిబ్బంది అందరికీ పరస్పరం మాట్లాడుకునే ఇయర్‌ఫోన్లు ఇవ్వాలని షరతులు కూడా పెట్టింది.

సంరక్షకుల సంఘాల జవాబు ఆ రాత్రి పనిలోంచే పుట్టింది. చాలా గృహాల్లో రాత్రి షిఫ్టు 16 గంటల దాకా సాగుతుంది. ఒంటరిగా ఉన్న సంరక్షకురాలు ఒక గదిలో వృద్ధురాలిని పక్కకు తిప్పి డైపర్ మారుస్తుండగా, మరో గదిలో ఒకరు మంచం దిగుతున్నారని తెర చెబుతుంది. చేతిలో ఉన్న మనిషిని సగంలో వదిలి పరుగెత్తలేరు, వెళ్లకపోతే అక్కడ ఆయన పడిపోవచ్చు. అదే క్షణంలో మూడో గదిలోనూ అలారం మోగితే ఎటు వెళ్లాలో తేల్చుకోవలసింది ఆమే. సెన్సర్ వల్ల ప్రమాదం ముందే తెలుస్తుంది కానీ పట్టుకునే చేతులు పెరగవు. పైగా తెలిసీ వెళ్లలేదన్న నింద కొత్తగా వచ్చి పడుతుంది. 0.4 మనిషి పనిని యంత్రం చేస్తుందని లెక్కగట్టినవారు ఆ పనిలో చూడటం ఎంత, చేయి పట్టి లేపడం ఎంత అని విడదీశారా అన్న ప్రశ్నకు ఇప్పటికీ సూటి సమాధానం లేదు.

2021 చివర్లో ప్రభుత్వ సలహా సంఘమైన నియంత్రణ సంస్కరణల మండలిలో చర్చ పగటి సిబ్బంది మీదికీ మళ్లింది. ముగ్గురు వృద్ధులకు ఒకరు చొప్పున ఉండాలన్న మూల నిబంధనను నలుగురికి ఒకరుగా మార్చవచ్చన్న ప్రతిపాదనపై తీవ్ర వ్యతిరేకత వచ్చింది. చివరకు 2024లో, యంత్రాలను ముందుండి వాడుతున్న కొన్ని రకాల గృహాలకు మాత్రమే ముగ్గురికి 0.9 మందిని అనుమతించారు. సేవల నాణ్యత తగ్గలేదని, సిబ్బందిపై భారం పెరగలేదని ఆ గృహాలు లెక్కలతో చూపాలి. ఆ లెక్కలు సేకరించేది మాత్రం సడలింపు కోరుకునే యాజమాన్యాలే. రాత్రి ఒంటరి కాపలాను పూర్తిగా రద్దు చేయాలన్న డిమాండ్‌తో సంఘాలు 2027 చర్చల వైపు చూస్తుంటే, 0.9ని మరిన్ని గృహాలకు విస్తరించాలా వద్దా అన్నదాన్ని ఆ లెక్కల ఆధారంగానే తేల్చాల్సి ఉంది.