లూపు జారితే కంప్యూటర్ మార్చకండి

"సార్, మూడో పొర వేసేసరికి తాళం జారిపోతోంది. కొత్త కంప్యూటర్ కొనాలా?" ఒక చిన్న వాయింపును కంప్యూటర్‌లో రికార్డు చేసి, అదే మళ్లీ మళ్లీ తిరిగేలా పెడితే అది లూపు. దాని మీద ఇంకొకటి వేస్తే ఇంకో పొర. అలా వేసేవాళ్లలో నెలకు నలుగురైనా ఇదే అడుగుతారు. ఎవరు పుట్టిస్తారో ఈ మాట!

అపోహ: కంప్యూటర్‌కు శక్తి చాలకే లూపులు జారుతాయి.

కాదు. శక్తి చాలకపోతే శబ్దం చిటపటలాడుతుంది, తెగిపోతుంది. తాళం జారడానికి కారణం దాదాపు ఎప్పుడూ లేటెన్సీ, అంటే శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి చెవికి చేరేసరికి అయ్యే ఆలస్యం, లేదా లూపు పొడవు. 44,100 శాంపిల్ రేటులో (సెకనుకు అన్ని శబ్దపు శాంపిళ్లు) బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కసారిగా తీసుకునే ముక్క, 1024 శాంపిళ్లు ఉంటే ఒక వైపుకే (లోపలికో, బయటికో) 23 మిల్లీసెకన్ల ఆలస్యం. 128కి దించితే మూడుకు లోపే. ఇక పొడవు. నిమిషానికి 120 అక్షరాల (తాళపు దెబ్బల) వేగంలో, ఎనిమిది అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తనం (ఒక పూర్తి చుట్టు) సరిగ్గా 4 సెకన్లు. చేత్తో బటన్ నొక్కి 4.02 దగ్గర ఆపారనుకోండి, 16 ఆవర్తనాలు తిరిగేసరికి సగం అక్షరానికి పైగా తేడా వస్తుంది. అందుకే ముందు టెంపో (వేగం) పెట్టండి, పొడవును శాంప్లర్‌కే (లూపులు రికార్డు చేసి తిప్పేదానికే) వదిలేయండి.

ఏది తప్పో మీ చెవే చెబుతుంది. ప్రతి ఆవర్తనంలోనూ ఒకే మేర వెనకబడితే లేటెన్సీ. తిరిగేకొద్దీ దూరం పెరుగుతుంటే పొడవు.

పోయిన వానాకాలంలో ఒక ఢోలక్ కుర్రాడు వచ్చాడు. కొత్త ల్యాప్‌టాప్ కోసం వాళ్ల అమ్మ గొలుసు తాకట్టు పెట్టబోతోందట. చెబుతుంటే గొంతు వణికింది. చూస్తే మెడలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు! వాటితో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. విన్నదాన్ని బట్టి వాయిస్తాడు కనుక ప్రతి పొరా కిందటి పొర కంటే వెనకబడుతోంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు ఇచ్చి, బఫర్ తగ్గించాను. ఢోలక్, దాని మీద చప్పట్లు, ఆపైన గజ్జెలు. మూడూ అతుక్కున్నాయి. మా మెట్ల మీద నుంచే ఇంటికి ఫోను చేశాడు.

అపోహ: పొరలు పెరిగితే పాటకు బరువు వస్తుంది.

ఒకే స్థాయిలో నాలుగు ఢోలక్‌లు కలిస్తే బరువు రాదు, బురద అవుతుంది. ప్రతి పొరకూ వేరే చోటు వెతకండి.

అపోహ: లూపు చివర మళ్లీ మొదలుతో కలిసే అతుకు దగ్గర 'టక్' మంటే మైకు పాడైనట్టే.

మైకు జోలికి వెళ్లకండి. తరంగం సున్నాను దాటే చోట కోయండి, లేదా 5 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరిగేలా కలపడం) ఇవ్వండి. ఘటం లాంటి మోగే వాద్యమైతే రెండు ఆవర్తనాలు వాయించి రెండోదాన్ని తీసుకోండి. మొదటిదాని చివరి నాదం అప్పటికే రెండోదాని మొదట్లో కలిసి ఉంటుంది.